నాయిన ఒళ్లు, నా సాక్ష్యం

మా సంఘంలో సాక్ష్యం చెప్పే అలవాటుంది. ఆదివారం ఆరాధన నడుమ పాస్టరుగారు "ఎవరన్న సాక్ష్యం చెప్తరా?" అని అడుగుతారు. జరం తగ్గిందనో, పురుడు మంచిగ అయిందనో, కొడుక్కి నౌకరి దొరికిందనో లేచి చెప్తారు. అందరం స్తోత్రం అంటాం. మా నాయిన 2019లో చనిపోయాడు. ఆయన గురించి నిలబడి సాక్ష్యం చెప్పడానికి నాకు ఏడాది పట్టింది. చెప్పినంక కొందరు మొకం తిప్పుకున్నారు. అక్కడ చెప్పిందీ, చెప్పలేకపోయిందీ ఇక్కడ రాస్తున్నాను.

మాది కరణ్‌కోట. తాండూరు పక్కన. ఇప్పుడు వికారాబాద్ జిల్లా, 2016 దాకా రంగారెడ్డి జిల్లా. సిమెంటు ఫ్యాక్టరీ ఉన్న ఊరుగా బయటివాళ్లకు తెలుసు. మా ఇంటికి మాత్రం కూడు పెట్టింది బండ. మీ ఇంట్లో, మీ కాలేజీ వరండాలో కాళ్ల కింద చల్లగా ఉండే నీలం బండ, పసుపు బండ ఉంటుంది చూడండి, అదే. తాండూరు బండ అంటారు, షాబాద్ బండ అంటారు. నాయిన పదిహేనేండ్ల వయసులో గనిలో దిగాడు. ముందు సుత్తె, గునపం. తర్వాత కోత మిషను. నీళ్లు పోసుకుంటూ కోస్తే దుమ్ము అణుగుతుంది. నీళ్లు పోసే పని వేరే మనిషికి ఇస్తే కూలి ఎక్కువవుతుంది కాబట్టి పొడిగానే కోయించేవాళ్లు. ముక్కుకు రుమాలు, అంతే. పొద్దూకి నాయిన ఇంటికొస్తే కనురెప్పల మీద కూడా తెల్లటి పొడి ఉండేది. "మా నాయిన ముసలోడైండు" అని నేను నవ్వేదాన్ని.

నాలుగో తరగతిలో మాకు మంచి అలవాట్ల పాఠం వచ్చింది. పొద్దున్నే లేవాలి, పండ్లు తోముకోవాలి, స్నానం చెయ్యాలి, ఉతికిన బట్టలు కట్టుకోవాలి. సారు పాఠం చదివి, నన్ను లేపి నిలబెట్టి, "ఇట్ల ఉండొద్దు" అని పిల్లలకు చూపించాడు. మా వాడలో ఒక్క చేతిపంపు. అది చెడిపోతే ఊరి బావికాడ ఎవరన్న దయతలిచి మా బిందెలో పైనించి పోసేదాకా అవ్వ నిలబడాలి. ఆ నీళ్లు అన్నానికీ తాగడానికీ పోను ఇంక స్నానానికి ఎక్కడివి? ఆ మాట సారుకు చెప్పడం రాలేదు. ఇంటికొచ్చి ఒళ్లు ఇటుక ముక్కతో రుద్దుకున్నాను. నెత్తురొచ్చింది. అవ్వ చూసి ఏమీ అడగలేదు. కొబ్బరినూనె రాసింది.

నాయిన తాగేవాడు. గొంతులో దుమ్ము పోవాలంటే తాగాలని గనిలో అందరూ అనేవాళ్లు. కూలిలో సగం సారా తర్వాత చీప్ లిక్కర్ అయింది. 2001 నవంబరులో అవ్వ పట్టుబట్టి ధారూరు మెథడిస్టు జాతరకు తీసుకుపోయింది. ఏటా నవంబరులో జరుగుతుంది. చెట్ల కింద గుడారాలేసుకుని జనం రోజుల తరబడి ఉంటారు. వండుకుంటారు, పాడుకుంటారు. అక్కడ ఒక సాయంత్రం ఒక ముసలి బోధకుడు పౌలు కొరింథీయులకు రాసిన ఉత్తరం తీసి, మన శరీరమే దేవుని ఆలయమని ఉన్నదాన్ని విడమరిచి చెప్పాడు.

నాయిన రాత్రంతా నిద్రపోలేదు. తెల్లారి అవ్వతో, "నన్ను గుడి మెట్లు ఎక్కనియ్యలే. గీ ఒళ్లే గుడి అంటున్నడే!" అన్నాడు.

చదువుకున్న మనకు అది మామూలు ప్రసంగం లాగ వినిపించొచ్చు. 1941లో వచ్చిన జాషువా గబ్బిలంలో, గుడిలోకి పోలేని మనిషి తన గోడు శివునికి చెప్పమని గబ్బిలాన్ని పంపుతాడు. గబ్బిలానికి ఉన్న దారి మనిషికి లేదు. నాయిన జాషువాను చదవలేదు. కానీ ఆ రాత్రి ఆయనకు గుడి కోసం ఎవరినీ పంపే పని లేకుండా పోయింది. తాగుడు ఒక్కరోజులో పోలేదు. రెండుసార్లు మళ్లీ తాగాడు, ఏడ్చాడు. మూడోసారి మానేశాడు. పొద్దున్నే ప్రార్థన, గని నుంచి రాగానే స్నానం, దుమ్ము బట్టలు ఇంట్లోకి తేకుండా వాకిట్లోనే విడవడం, కూలి మొత్తం అవ్వ చేతికి ఇవ్వడం. ఈ అలవాట్లు బడి నేర్పలేదు. నీ ఒళ్లు విలువైందని ఒకరు చెప్పినంక వచ్చాయి. నా డిగ్రీ ఫీజు ఆ మానేసిన తాగుడు డబ్బే.

ఇంతవరకు చెప్తే సంఘానికి సంతోషం. కథ ఇక్కడ అయిపోలేదు.

2010లో నాయినకు దగ్గు పట్టింది. రెండుసార్లు తెమడ పరీక్ష చేస్తే టీబీ అని తేలింది. ఒక డబ్బా మీద నాయిన పేరు రాసి, ఆరు నెలల మందు అందులోనే పెట్టారు. రోజు విడిచి రోజు ఎదురుగా నిలబడి మింగించేవాళ్లు. నెలన్నరకు దగ్గు తగ్గింది, ఒళ్లు చేసింది. మూడో నెలలో వాడకు ఎక్కణ్ణుంచో ఒక స్వస్థత బోధకుడు వచ్చాడు. నాయిన తల మీద చెయ్యి పెట్టి, "నీకు నయమైంది. ఇంకా గోలీలు మింగితే దేవుణ్ణి నమ్మనట్టే" అన్నాడు. ఆ మందుకు మూత్రం ఎర్రగా వస్తుంది, అది మందు రంగే. అది కూడా లోపలి నుంచి చెడు పోతున్న గుర్తు అన్నాడు.

నేనప్పుడు డీఎడ్ చదువుతున్నాను. దగ్గు తగ్గినా క్రిములు చావవని, నడుమ ఆపితే మందుకు లొంగని రకంగా తిరగబడొచ్చని చదివినదాన్ని. ఆ కూడికలో నేనూ ఉన్నాను. నోరు తెరవలేదు. అందరితోపాటు ఆమెన్ అన్నాను. నాయిన కళ్లల్లో అంత సంతోషం ఎప్పుడూ చూడలేదు, దాన్ని చెరపబుద్ధి కాలేదు. ఈ మాట నేను సాక్ష్యంలో చెప్పలేకపోయాను.

ఏడాది తిరగకముందే నెత్తురు కక్కాడు. ఈసారి ఎనిమిది నెలలు. మొదటి రెండు నెలల్లో ఇరవై నాలుగు సూదులు. గోలీ వద్దని నాయిన మొండికేస్తే అవ్వ అన్న మాట నాకు ఇంకా చెవిలో ఉంది: "గుడి అన్నవు గదా నీ ఒళ్లును. గుడి గోడ కూలుతుంటె సున్నం వెయ్యవా? ప్రార్థన చేస్కుంట కూసుంటవా?" అవ్వకు చదువు రాదు. ఆ ఏడాది మా ఇంట్లో దైవశాస్త్రం అవ్వే చెప్పింది. గోలీ అరచేతిలో పెట్టుకుని, కళ్లు మూసుకుని ప్రార్థన చేసి, అప్పుడు మింగేవాడు నాయిన.

టీబీకి గట్టి మందులు రాకముందు మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి, ఇవే వైద్యం. అందుకే గుట్టల మీద శానిటోరియాలు కట్టారు. మా వికారాబాద్ అనంతగిరి గుట్ట మీదా ఒకటి కట్టారు. నాయినకు మందు దొరికింది గానీ, ఆ మూడూ దొరకలేదు. పని మానితే కూడు లేదు. టీబీ రోగి తిండికి ప్రభుత్వం నెలకు 500 రూపాయలు ఇవ్వడం 2018లో మొదలైంది, 2024 నవంబరు నుంచి 1000 అయింది. నాయిన కాలానికి అది లేదు. అవ్వ పెద్దకూర, కందిపప్పు, గుడ్డు ఎట్లనో సంపాదించి పెట్టింది. పెద్దకూర తింటారని మమ్మల్ని ఈసడించిన ఊరికి తెలియదు, మా నాయిన లేచి నడిచింది ఆ బలంతోనని.

2012 డీఎస్సీలో నాకు ఉద్యోగం వచ్చింది. నాయినను గని మాన్పించాను. అయినా ఆయాసం పోలేదు. 2016లో పట్నంలో పెద్ద దవాఖానకు తీసుకుపోతే ఎక్స్‌రేలో రెండు ఊపిరితిత్తుల నిండా చిన్న చిన్న చుక్కలు. సిలికోసిస్ అన్నారు. రాతిపొడిలోని సిలికా ఊపిరితిత్తుల్లో చేరి అక్కడ మచ్చలు కట్టిస్తుంది. ఊపిరితిత్తి గట్టిపడుతుంది. దుమ్ము నుంచి బయటికి వచ్చినా అది ముదరొచ్చు. దాన్ని పోగొట్టే మందు లేదు. అది ఉన్నవాళ్లకు టీబీ తొందరగా అంటుకుంటుంది. అప్పుడు అమల్లో ఉన్న 1923 నాటి నష్టపరిహార చట్టంలో ఈ జబ్బు పేరుండేది. కానీ నాయిన ఫలానా గనిలో పనిచేశాడనే కాగితం ఒక్కటి లేదు. హాజరు పట్టీలో పేరే లేదు. ముప్పై ఏండ్ల పనికి ఆయన ఊపిరితిత్తులే కాగితం.

నాయిన పోయినంక నాకు నిద్ర పోయింది. రాత్రి రెండింటికి దగ్గు వినిపించేది, లేచి చూస్తే ఎవరూ లేరు. బడిలో పాఠం నడుమ మాట ఆగిపోయేది. ప్రార్థన చేసుకో, విశ్వాసం తక్కువైందన్నారు కొందరు. ఆ మాట నేను ఒకసారి విన్నదే. ఈసారి ఆమెన్ అనలేదు. మనసు డాక్టరు దగ్గరికి పోయాను. కొన్ని నెలలు గోలీలు మింగాను. పొద్దున్నే కాగ్నా వాగు దిక్కు నడిచాను. రాత్రి కీర్తనలు చదివాను. వీటిల్లో ఏది నయం చేసిందంటే నేను చెప్పలేను. ఏ ఒక్కటీ ఇంకొకదాన్ని వద్దనలేదు.

నన్ను తిన్న భయం ఇంకొకటి ఉంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హిందువై ఉండాలి. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని కలిపారు. క్రైస్తవుల్ని కలపలేదు. క్రైస్తవంలోకి పోయిన ఎస్సీలకు మా రాష్ట్రంలో బీసీ-సీలో ఒక శాతం. బాప్తిస్మం తీసుకున్నా మాదిగను మాదిగ అనే పిలుస్తారు, కాగితం మీద మాత్రం కాదంటారు. అందుకే మా ఇండ్లల్లో చాలామందికి వారంలో ఆరు రోజులు ఒక పేరు, ఆదివారం ఒక పేరు. ఇట్ల బతికితే ఏ మనసుకు నిద్ర పడుతుంది? మన ఒత్తిడికి ధ్యానం చెయ్యమని సలహా చెప్పేవాళ్లు ముందు ఈ ఉత్తర్వు చదవాలి.

ఆ ఆదివారం లేచి చెప్పాను: "దేవుడు మా నాయిన తాగుడు మాన్పించిండు. టీబీని గోలీలు తగ్గించినయి, ఆ గోలీలిచ్చింది కూడ దేవుడే అని మా అవ్వ నమ్మింది. మా నాయినను చంపింది దుమ్ము. దుమ్మును ప్రార్థనతోని ఆపలేం, నీళ్లతోని ఆపొచ్చు. గనిల నీళ్లు పొయ్యమని మనం అందరం కలిసి అడగాలె." స్తోత్రం అని కొందరే అన్నారు. అవ్వ మాత్రం అందరికంటే గట్టిగా అంది. ఆరాధన అయినంక ఒక గని కూలీ నా దగ్గరికొచ్చి, "టీచరమ్మా, ఆ ఎక్స్‌రే యాడ తీస్తరు?" అని అడిగాడు.

ఇప్పుడు నేనూ పిల్లలకు మంచి అలవాట్ల పాఠం చెప్తున్నాను. ఎవర్నీ లేపి నిలబెట్టను. ముందు ఒక ప్రశ్న అడుగుతాను: "మీ ఇంటికి నీళ్లు యాడికెల్లి వస్తయి?" పిల్లలు ఒక్కొక్కరు చెప్తుంటే బోర్డు మీద రాస్తాను. పాఠం అక్కడి నుంచి మొదలుపెడతాను.