దొరబావి వంతెన దాకా

మదర్సాకు సెలవులు ఇచ్చాక జగ్గయ్యపేట నుండి నందిగామ వచ్చి కొద్ది రోజులు అమ్మీ దగ్గర ఉన్నాను. ఒకనాడు అసర్ నమాజు ముగించుకొని తస్బీహ్ పక్కన పెడుతూ, "బేటా! నల్లమలలో ఆ పెద్ద వంతెన ఇంకా ఉందా?" అని ఆమె అడిగింది.

అమ్మీ పుట్టినిల్లు నంద్యాల. 1966లో నికాహ్ అయిన మూడవ నాడు ఆమె మీటరుగేజి రైలులో గుంటూరుకు, అక్కడి నుండి బస్సులో నందిగామకు వచ్చింది. నంద్యాల దాటి ఎరుగని పదిహేడేళ్ల పిల్ల. రైలు అడవిలోకి ప్రవేశించి లోయపై నున్న వంతెన మీదికి రాగానే పెట్టెలో అందరూ మాటలు ఆపేశారట. కిటికీలో నుండి చూస్తే చెట్ల తలలు కాళ్ల కింద కనిపించాయట. ఆమె భయంతో వణుకుతుంటే, ఎదుటి బల్ల మీది పెద్దావిడ లేచి వచ్చి పక్కన కూర్చొని, వంతెన దాటే వరకు ఆమె చేయి పట్టుకున్నదట. తర్వాత మూట విప్పి జొన్నరొట్టె, వేరుశెనగ పొడి పెట్టిందట. ఈ ముచ్చట మా చిన్నతనం నుండి వింటున్నదే. ఇటీవల అమ్మీకి నిన్నటి మాట గుర్తుండడం లేదు. ఆ ప్రయాణం మాత్రం చెక్కుచెదరలేదు. ఆమె ప్రశ్నకు చూసి వచ్చి జవాబు చెప్పాలనుకున్నాను.

విజయవాడకు వెళ్లే బస్సు కీసర వద్ద మునేరును దాటుతుంది. ఆ వంతెనను కొన్ని వందల సార్లు దాటాను, ఏనాడూ తల తిప్పి చూడలేదు. విజయవాడ నుండి రైలు గుంటూరు, నరసరావుపేట, వినుకొండ, మార్కాపురం, కంభం మీదుగా గిద్దలూరు చేరింది. కృష్ణమ్మ నీటితో పచ్చగా ఉన్న పొలాలు వెనుకబడి, క్రమంగా ఎర్రనేలలు, రాళ్లగుట్టలు ఎదురయ్యాయి. ఈ రైలుమార్గం ఎందుకు పుట్టిందో ఆ దృశ్యమే చెబుతుంది.

1876-78 నాటి మహాక్షామాన్ని మన పెద్దలు ధాత కరువు అన్నారు. బళ్లారి, కర్నూలు ప్రాంతాలు దానికి తీవ్రంగా బలయ్యాయి. ఆనాడు కరువు పనులకు వచ్చిన కూలీకి సర్ రిచర్డ్ టెంపుల్ నిర్ణయించిన రోజు బత్తెం ఒక పౌను ధాన్యం, దానితో పాటు ఒక అణా. అంటే అరకిలో కంటే తక్కువ గింజలు! 1880లో కరువు కమిషన్ తన నివేదికలో, కరువు సీమలకు ధాన్యం చేరవేసే రైలుమార్గాలు కావాలని సూచించింది. బళ్లారి-కృష్ణా రైలుమార్గం ఆ ఉద్దేశంతో తలపెట్టినదే. బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయ్యాక కృష్ణా డెల్టాలో వరి సమృద్ధిగా పండుతోంది. ఆ గింజలు మెట్టసీమకు చేరడానికి అడ్డుగా నిలిచింది నల్లమల. కొండను తొలిచి బొగద సొరంగం, లోయపై దొరబావి వంతెన నిర్మించారు. వంతెన పని 1884లో మొదలై 1887లో ముగిసింది. ఎత్తు వంద అడుగులకు పైమాటే.

గిద్దలూరులో నా పూర్వ విద్యార్థి ఒకరు ఇమామ్‌గా ఉన్నారు. మరునాడు ఫజ్ర్ తర్వాత ఆయనతో కలిసి నంద్యాల దారిన బయలుదేరాను. ఇది పెద్దపులులు తిరిగే అడవి. గుండ్ల బ్రహ్మేశ్వరం అభయారణ్యం ఈ ప్రాంతంలోనే ఉంది. అందుచేత ముందుగా అనుమతి తీసుకొని, అటవీ సిబ్బంది ఒకరిని వెంటబెట్టుకొని కాలిబాట పట్టాము. ఆయన ముందు నడుస్తూ ఎండుటాకుల మధ్య కర్రతో తట్టి, పాము లేదని చూసి మరీ మమ్మల్ని రమ్మనేవారు.

చెట్లు పలచబడిన చోట ఆయన ఆగి చేయి చాపారు. లోయలో పాత వంతెన రాతి కట్టడం నిలబడి ఉంది. పైన పట్టాలు లేవు, రైలును మోసిన దూలాలు లేవు. 1990ల దశకంలో ఈ మార్గాన్ని బ్రాడ్‌గేజిగా మార్చినప్పుడు దారిని వేరుగా మళ్లించారు. పాత వంతెనతో పని తీరిపోయింది. మేము చూస్తుండగానే దూరంగా కొత్త దారిలో రైలు కూత వినిపించి, అడవిలో కలిసిపోయింది.

ఆ రాళ్లను చూస్తూ చాలాసేపు నిలబడ్డాను. వాటిని ఇంత ఎత్తుకు ఎత్తిన చేతులెవరివి? నల్లమల ఆనాడు చలిజ్వరానికి పేరుపడ్డ అడవి. మలేరియాను మోసేది దోమ అని రోనాల్డ్ రాస్ సికిందరాబాదులో కనుగొన్నది 1897లో, అంటే వంతెన పూర్తయిన పదేళ్లకు. ఆ కూలీలకు జ్వరం ఎటు నుండి వస్తున్నదో కూడా తెలియదు. కరువు గడిచి ఏడేళ్లు కూడా కాలేదు. ఆకలిని చూసిన మనుషులే ఆ రాళ్లు మోసి ఉంటారు. స్థలం పేరులో దొర మిగిలాడు. కూలీ పేరు ఎక్కడా మిగలలేదు.

మరొక సంగతి కూడా మనసులో మెదిలింది. ధాత కరువు నాటికే మన దేశంలో రైళ్లు నడుస్తున్నాయి. ఇక్కడ జనం ఆకలితో మరణిస్తున్న ఆ రోజుల్లోనే గోధుమలు రేవులకు చేరి ఇంగ్లండుకు ఓడలెక్కాయి. ఈ మార్గం కూడా అవతల బళ్లారి మీదుగా పడమటి తీరాన మార్మగోవా రేవుతో కలిసింది. వంతెన తన మీదికి వచ్చినదాన్ని అవతలి ఒడ్డుకు చేరుస్తుంది, అంతే. ఆకలిగొన్నవాని వైపు పంపాలా, సంత ధర ఎక్కువున్న వైపు పంపాలా అన్నది మనిషి సంకల్పానికి సంబంధించిన విషయం. సంకల్పాన్ని బట్టే కర్మలకు విలువ అని పిల్లలకు ఏటా పాఠం చెప్పే నాకు, ఆ పాఠం అడవి మధ్య మళ్లీ జ్ఞాపకం వచ్చింది. గిద్దలూరు తిరిగి వచ్చి జుహర్ నమాజును ముసాఫిర్‌గా రెండు రకాతులు చేశాను.

ఇంటికి చేరగానే అమ్మీ అదే ప్రశ్న వేసింది. ఉందని చెప్పి సంతోషపెట్టవచ్చు. కానీ మనసొప్పలేదు. "పట్టాలు, దూలాలు తీసేశారమ్మీ, రాళ్లు మాత్రం నిలబడి ఉన్నాయి. రైలు ఇప్పుడు వేరే దారిన పోతోంది" అన్నాను.

ఆమె కాసేపు మౌనంగా ఉంది. "ఆ పెద్దావిడ పేరు అడగలేదు బేటా. నుదుట ఇంత బొట్టు. గిద్దలూరులో దిగిపోయింది. దుఆ చేసేటప్పుడు పేరు తెలియక 'చేయి పట్టుకున్న తల్లి' అనే అంటాను" అని చెప్పింది.

అరవై ఏళ్లుగా అమ్మీ దుఆలో ఆమె ఉన్నదన్న సంగతి నాకు ఆనాడే తెలిసింది. ఆ రాత్రి ఇషా తర్వాత చేతులెత్తినప్పుడు, పేర్లు తెలియని ఆ రాళ్లు మోసినవారిని కూడా తలచుకున్నాను. మొన్న మళ్లీ విజయవాడ వెళ్తుంటే కీసర వద్ద బస్సు మునేరు మీదికి వచ్చింది. ఈసారి తల తిప్పి కిందికి చూశాను.