వేకువ పాఠశాల

మన పాఠశాల బాలికలలో బంతి బాడ్మింటను చక్కగా ఆడువారు ఆఱవ తరగతియందు పలువురు, ఎనిమిదవ తరగతియందు కొందఱు, పదవ తరగతియందు ఒకరో ఇద్దఱో కనబడుదురు. ఈ తఱుగుదలను మేము ఇరువది సంవత్సరములుగా చూచుచున్నాము. కాళ్ళలో చురుకు తగ్గి వారు మానుట లేదు. కంటిచూపు మందగించియు కాదు. మొదట సాయంకాలము త్వరగా ఇల్లు చేరవలెనని కబురు వచ్చును. పిమ్మట ట్యూషను వచ్చును. ఆ పిమ్మట బ్యాటు గోడమేకునకు వ్రేలాడును.

ఒక తండ్రి మాతో, "ఆడపిల్ల ఎంత ఆడినా ఏమొస్తది సారూ? పది పాసైతే చాలదా?" అనెను. ఆయన అడిగినది కోపముతో కాదు, చింతతో. అట్టి ప్రశ్నకు నిలుచున్నచోట రెండు మాటలు చెప్పి పంపుట మర్యాద కాదు. కావుననే మన తెలుగువారిలో ఒక శిక్షకుడు బాలికలకు ఆట నేర్పిన చరిత్రమును ఈ పత్రికాముఖమున కొంత విపులముగా వ్రాయదలచితిమి.

హైదరాబాదు నగరము టెన్నిసు ఆటకు సానియా మీర్జాను ఇచ్చినది. ఆమె 2015 సంవత్సరమున వింబుల్డనునందు స్త్రీల జంట ఆటలో జయము నందిన సంగతి చదువరులు ఎఱిగినదే. అయితే ఒకరి వెనుక ఒకరుగా ఆటగత్తెల వరుసనే ఇచ్చినది బాడ్మింటను. ఆ వరుసకు మొదట నిలిచినవారు పుల్లెల గోపీచందుగారు.

వీరు 1973 నవంబరు 16వ తేదీన ఆనాటి ప్రకాశం జిల్లాలోని నాగండ్లయందు జన్మించి, హైదరాబాదున ఎస్. ఎం. ఆరిఫ్ గారి యొద్దను, పిమ్మట బెంగుళూరున ప్రకాశ్ పదుకొనే గారి యొద్దను ఆట నభ్యసించిరి. 1994లో మోకాలు గాయపడెను; శస్త్రచికిత్సలు జరిగెను. ఇక ఆడజాలరని పలువురు తలంచిరి. 2001 మార్చి 11వ తేదీన బర్మింగుహామునందు ఆలింగ్లండు పోటీ తుదియాటలో చైనా దేశీయుడగు చెన్ హాంగును 15-12, 15-6 తేడాతో గెలిచి, 1980లో ప్రకాశ్ గారి తరువాత ఆ బిరుదము నందిన రెండవ భారతీయులైరి. ఆ విజయానంతరము ఒక శీతల పానీయమునకు ప్రకటనకర్తగా నుండుమని పెద్ద మొత్తముతో పిలుపు రాగా, తాము త్రాగని దానిని పిల్లలు త్రాగునట్లు చేయజాలమని నిరాకరించిరి. ఈ ఒక్క సంగతిలోనే కాబోవు ఉపాధ్యాయుడు మాకు కనబడుచున్నాడు.

2003లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమువారు గచ్చిబౌలియందు ఐదెకరముల స్థలము నొసగిరి. స్థలము వచ్చినంతనే కోర్టులు మొలవవు గదా! గోపీచందుగారు తమ సొంత ఇల్లు తాకట్టు పెట్టిరి. నిమ్మగడ్డ ప్రసాదుగారు ఐదు కోట్ల రూపాయలు విరాళమిచ్చిరి. 2008లో శిక్షణాలయము తెఱువబడెను. అంతకు రెండేండ్లకు ముందే, అనగా 2006లో, ఆయన భారత జట్టునకు ప్రధాన శిక్షకులైరి. 2009లో ద్రోణాచార్య పురస్కారమును, 2014లో పద్మభూషణ బిరుదమును పొందిరి. బిరుదముల మాట ఇంతటితో చాలింతము.

అచ్చటి అభ్యాసము తెల్లవారుజామున నాలుగున్నర ప్రాంతమున మొదలగును. శిష్యురాలు నాలుగింటికి లేవవలెనన్న గురువు మూడింటికే లేచియుండవలెను. ఈ లెక్క మాకు శిక్షణ కళాశాలలో ఏ ఆచార్యుడును చెప్పలేదు. గోపీచందుగారు కుర్చీలో కూర్చుండి ఆజ్ఞలిచ్చువారు కారు. తామే రాకెట్టు పట్టి, నెట్టునకు ఆవలి ప్రక్క నిలిచి, గంటల తరబడి కాకులు విసరువారు. పి. వి. సింధు బాల్యమున సికిందరాబాదు వైపునుండి గచ్చిబౌలికి వచ్చిపోవుటకు దినమునకు 56 కిలోమీటర్లు ప్రయాణము చేసెడిది. ఆమెను చీకటిలో తీసికొనివచ్చిన తండ్రి రమణగారు రైల్వే ఉద్యోగి, వాలీబాలు ఆటలో అర్జున పురస్కార గ్రహీత. తల్లి విజయగారును వాలీబాలు క్రీడాకారిణియే. ఆట విలువ ఎఱిగిన ఇల్లగుటచే ఆ బిడ్డకు అది సాధ్యమైనదని ఎవరైన అనవచ్చును. నిజమే. కాని ఎఱిగినంతమాత్రమున వేకువజామున నిద్ర మానుట ఎవరికిని సులభము కాదు.

ఫలములు కాలక్రమమున వచ్చెను. 2012 లండను ఒలింపిక్సునందు సైనా నెహ్వాల్ కంచు పతకము నందెను. ప్రత్యర్థి గాయపడి మధ్యలోనే ఆట విరమించినను, అంతవఱకు గెలిచి వచ్చిన ఆటలు సైనావే. బాడ్మింటనులో భారతదేశమునకు అదియే మొదటి ఒలింపిక్సు పతకము. 2016లో రియో నగరమున సింధు తుదియాటకు చేరి, స్పెయిను దేశపు కరోలినా మారీనుతో 21-19, 12-21, 15-21 అంకెలతో ఓడి వెండి పతకము దెచ్చెను. ఒలింపిక్సునందు వెండి నందిన మొదటి భారత వనిత ఆమెయే. ఆ పోటీకి ముందు మూడు నెలలు గురువు ఆమె సెల్‌ఫోను తీసి దాచెను, ఐసుక్రీము నిషేధించెను. పతకము చేతికి వచ్చిన దినమున రెండును తిరిగి దయచేసెను. మన పదవ తరగతి విద్యార్థినులు ఈ వాక్యమును తమ తండ్రులకు చదివి వినిపింపకుందురు గాక!

ఒకరిద్దఱు గెలిచినంత మాత్రమున జట్టు కాదు. స్త్రీల ఊబరు కప్పు పోటీలో ఒక దేశము మఱియొక దేశముతో ఐదు ఆటలాడవలెను: ఒంటరి ఆటలు మూడు, జంట ఆటలు రెండు. సింధువంటి మేటి ఒక్కతె యున్నను చాలదు. రెండవ, మూడవ ఆటగత్తెలు కూడ నిలువవలెను. 2014లో ఢిల్లీయందును, 2016లో చైనాలోని కున్‌షానునందును భారత స్త్రీలు కంచు నందిరి. మాకు మిక్కిలి ప్రియమైనది మాత్రము 2024 ఫిబ్రవరిలో మలేషియాలోని షా ఆలమునందు జరిగిన ఆసియా జట్ల పోటీ. తుదియాటలో థాయిలాండుపై సింధు గెలిచెను. గోపీచందుగారి కుమార్తె గాయత్రియు, ఆమె జంట త్రీసా జాలీయు గెలిచిరి. పిమ్మట రెండు ఆటలు చేజాఱి లెక్క రెండు రెండైనది. ఐదవ ఆట ఆడవలసినది ప్రపంచ శ్రేణిలో 472వ స్థానమందున్న పదునేడేండ్ల బాలిక, అన్‌మోల్ ఖర్బ్. ఆమె 21-14, 21-9 తేడాతో గెలిచెను. చైనాతోను జపానుతోను ఆడినప్పుడు సైతము తీర్పు చెప్పిన ఐదవ ఆట ఆమెదే. అట్లు భారత స్త్రీల జట్టు మొదటిసారి ఆసియా జట్ల బంగారు పతకము నందెను.

ఇందు ఒక విశేషము కలదు. ఆ నాటికి సింధు గోపీచందుగారి యొద్ద అభ్యసించుట మాని కొన్ని సంవత్సరములైనది. సైనా 2014లోనే బెంగుళూరునకు పోయి వేఱొక గురువు నాశ్రయించి, 2017లో మరల వచ్చెను. 2018లో గోల్డు కోస్టునందు కామన్వెల్తు క్రీడల తుదియాటలో సైనా, సింధులే ఎదురెదురుగా నిలిచిరి. సైనా 21-18, 23-21 తేడాతో గెలిచెను. ఇద్దఱును తన బిడ్డలే యైనపుడు గురువు ఎవరి వెనుక కూర్చుండవలెను? శిష్యులు విడిచిపోవుట వృత్తిలోని కొఱతయని కొందఱందురు. మేమట్లు తలంపము. పదవ తరగతి దాటిన పిల్లలు ఏటేట మమ్ము విడిచి కళాశాలకు పోవుచునే యున్నారు. బల్లలు ఖాళీగా నుండుట జూన్ నెల వఱకే.

ఇక ఆ తండ్రి ప్రశ్నకు వత్తము. చిత్రమేమనగా, ఆయన పక్షమున మాటాడినది గోపీచందుగారే! ధనవంతుల ఇండ్లవారు గాని, కుటుంబ వ్యాపారము గలవారు గాని తప్ప ఇతరులు ఆటనే జీవనోపాధిగా నమ్ముకొనవలదని ఆయన 2025లో చెప్పిరి. ఆట వలన బ్రదుకుతెఱువు దొరకువారు నూటికి ఒక్కరైన లేరనిరి. ఇన్ని పతకములకు కారకుడైనవాడు ఈ మాట పలుకుట కొందఱికి నచ్చలేదు. మాకు నచ్చినది. తన అంగడి సరకులోని లోపమును తానే చెప్పు వర్తకుని తూకమును మేము నమ్ముదుము.

అయినను ఆయన చెప్పినది ఉపాధిని గూర్చి. మన ఇండ్లలో బాలిక బ్యాటు మేకునకు చేరుట ఉపాధి చింతవలన కాదు. ఆ తండ్రి కుమారుడును మన పాఠశాలయందే చదువుచున్నాడు. ప్రొద్దు గ్రుంకి బంతి కానరానంత వఱకు క్రికెట్టు ఆడును. వానినెవరును "ఏమొస్తది" అని అడుగుట మేము వినలేదు.

మఱియు మన వరంగల్లు జిల్లాలోనే పర్వతగిరి మండలమున కల్లెడ యను గ్రామము కలదు. అచ్చటి కూలివారి బిడ్డ జీవాంజి దీప్తి పుట్టుకతోనే బుద్ధిమాంద్యము గలది. ఊరివారు ఎగతాళి చేసిరి. ఆమె పరుగులోని సత్తువను బడి వ్యాయామోపాధ్యాయుడు మొదట గుర్తించెను. పిమ్మట హైదరాబాదున శిక్షణ దొరికెను. గోపీచందుగారి సంస్థయు చేయూతనిచ్చెను. 2024 మే నెలలో జపానులోని కోబెయందు 400 మీటర్లు 55.07 సెకండ్లలో పరుగెత్తి ఆనాటికి ప్రపంచ రికార్డు నెలకొల్పెను. అదే సంవత్సరము సెప్టెంబరు 3వ తేదీన ప్యారిసు పారాలింపిక్సునందు 55.82 సెకండ్లలో కంచు పతకము నందెను. నూటికి ఒక్కరైన లేరన్న ఆ ఒక్కరిలో ఈమె కలదు. ఆమె ఊరు మన ఊరికి బస్సు దూరము.

వచ్చు జూన్ నుండి మన పాఠశాల వెనుకనున్న కోర్టు ఉదయము ఆఱు గంటలకు తెఱువబడును. నాలుగున్నర యని వ్రాసి తల్లిదండ్రులను బెదరింపము. సాయంకాలము బాలికలు ఇల్లు చేరుటకు ఆలస్యమగునను చింత దీనితో తొలగునని మా ఆశ. నెట్టు చినిగియున్నది, వేసవి సెలవులలో బాగుచేయింతుము. తోడువచ్చిన తండ్రులు, తల్లులు కూర్చుండుటకు వేపచెట్టు క్రింద రెండు బల్లలు వేయింతుము. బ్యాటు లేనివారు ఆ కారణమున రాకుండ నుండవలదు. బడిలో ఆఱు కలవు.