పాత్ర నోట్లో బూతు

కథలో బూతు రాయొచ్చా అని ఎవరడిగినా నేను ముందు అడిగేది ఒకటే: ఆ మనిషి బయట తిడతాడా, తిట్టడా? తిడితే రాయాల్సిందే. అర్ధరాత్రి హైవే మీద జాకీ జారి వేలు నలిగిన లారీ క్లీనరు "అయ్యో, ఎంత దుర్మార్గం" అనడు. అలా అనిపిస్తే ఆ కథ అక్కడే మూసేస్తాను.

1892లో తొలిసారి రంగమెక్కిన గురజాడ నాటకం కన్యాశుల్కంలో అగ్నిహోత్రావధానులు అయినదానికీ కానిదానికీ నోరు పారేసుకుంటాడు. ఆయన కోపం, మూర్ఖత్వం, ఇంట్లోవాళ్ల మీద పెత్తనం అన్నీ ఆ తిట్లలోనే తెలిసిపోతాయి. గురజాడ ఆ నోరు కడిగేసి ఉంటే ఆ పాత్రే మిగిలేది కాదు.

అయితే మన బూతులు చాలావరకు అవతలివాడి తల్లినో, ఆలినో, కులాన్నో పట్టుకుంటాయి. అందుకే ఎవరు, ఎవర్ని, ఎవరి ముందు తిట్టారో రాసేవాళ్లు చూసుకోవాలి. కూలి అడిగినవాణ్ణి కులం పేరెత్తి తిట్టిన ఆసామి మాట రాస్తే, ఆ మాట పడ్డవాడి మొహం కూడా రాయండి. నవ్వించడానికి అదే మాట వాడితే ఆ పాపం రచయితదే.

పేజీకి పది బూతులు అక్కర్లేదు, సరైన చోట ఒక్కటి చాలు. చుక్కలు పెట్టి మాత్రం దాచకండి. రాస్తే పూర్తిగా రాయండి, లేదంటే మానేయండి.