బోర్డు బాగానే ఉంది, సిగ్నలే బయటికి రాలేదు

తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మన గ్రూపులో ఈసీఈ, డిప్లొమా చదివేవాళ్లు చాలామందే ఉన్నారు కదా, అందుకే కాస్త పొడవుగా రాస్తున్నా. ఓపిగ్గా చదవండి.

నేను ఈసీఈ థర్డ్ ఇయర్. మాది పాడేరు ఏజెన్సీలో కొండమీద ఊరు. పైన ఊటనీళ్లు ట్యాంకులో పట్టి పైపుతో కిందికి వదిలే గ్రావిటీ నీళ్లే మాకు ఆధారం. కుళాయి ఆగిపోతే ట్యాంకు ఖాళీ అయిందో, పైపు ఊడిందో కింద ఉన్నోళ్లకి తెలీదు. ఎవరో ఒకరు ఎక్కి చూడాలి. ఆ ఎవరో ఒకరు ఎక్కువసార్లు మా అమ్మే. ఊళ్లో సెల్ సిగ్నల్ లేదు కాబట్టి సిమ్ వేసే పరికరం పనికిరాదు. అందుకే ప్రాజెక్టుకి లోరా తీసుకున్నాం. మన దేశంలో 865 నుంచి 868 మెగాహెర్ట్జ్ దాకా ఇలాంటి చిన్న పవర్ పరికరాలకి లైసెన్సు అక్కర్లేదు.

బోర్డులు సీనియర్ బ్యాచ్ చేయించి వదిలేసినవి. ఆన్ అవుతాయి, ప్రోగ్రాం ఎక్కుతుంది, కానీ సిగ్నల్ హాస్టల్ గ్రౌండ్ దాటదు. "అవి పక్కన పడేసి రెడీమేడ్‌వి కొనుక్కోండిరా" అన్నారు అందరూ. కొనాలంటే స్కాలర్‌షిప్ పడాలి. అది పడేలోపు రివ్యూ అయిపోతుంది. ఇక వెతకడమే మిగిలింది.

ముందు పోల్చి చూశాం. ల్యాబ్‌లో బాగా పనిచేసే రెడీమేడ్ బోర్డు ఒకటి అడిగి తెచ్చాం. ఒకే ప్రోగ్రాం, ఒకే పవర్, ఒకే చోటు, సుమారు 50 మీటర్ల దూరం. దానికి మైనస్ 62 డీబీఎం వస్తే మాదానికి మైనస్ 91. తేడా 29 డీబీ. అంటే పవర్‌లో దాదాపు 800 రెట్లు పోతోందన్నమాట. ప్రోగ్రాం తప్పయితే రెండిట్లోనూ తప్పే కావాలి. తర్వాత మాదాన్ని పంపేదిగా కాక అందుకునేదిగా పెట్టాం. అప్పుడూ అంతే బలహీనం. పంపడం, అందుకోవడం రెండూ పాడయ్యాయంటే, రెండిటికీ ఉమ్మడిగా ఉండే యాంటెన్నా దారినే అనుమానించాలి.

ఒక మాట. ఈ కొలతలు హాస్టల్ గదిలో తీయొద్దు. మన ఇనప మంచాల మధ్య ఒక అడుగు జరిగితే చాలు అంకె మారిపోతుంది. బయట గ్రౌండ్‌లో, బోర్డుని చేత్తో పట్టుకోకుండా ప్లాస్టిక్ స్టూలు మీద పెట్టి చూడండి.

మాడ్యూల్ యాంటెన్నా పిన్ను దగ్గర మల్టీమీటర్ ఒక కొన, యాంటెన్నా మొదట్లో రెండో కొన పెట్టాను. బీప్ రాలేదు! మధ్యలో మూడు చిన్న ప్యాడ్లు ఉన్నాయి. యాంటెన్నాని సరిజేసే మ్యాచింగ్ కోసం వదిలిన చోట్లు అవి. పార్టుల షీటులో మూడిటికీ ఎదురుగా 'డీఎన్‌పీ' అని ఉంది. ఆ మూడక్షరాలకి అర్థం మా టీంలో ఎవరికీ తెలీదు. అడిగితే నవ్వుతారని ఎవరం అడగలేదు కూడా. మన ఇళ్లల్లో ఇలాంటివి చెప్పేవాళ్లు ఎవరున్నారు? దానర్థం 'ఇక్కడ పార్టు పెట్టొద్దు' అని. గ్రౌండ్‌కి పోయే పక్క రెండు ప్యాడ్లకి అది సరే. కానీ దారికి అడ్డంగా ఉన్న మధ్యదాన్నీ ఖాళీగా వదిలేస్తే వంతెన లేని వాగే. అక్కడ కనీసం జీరో ఓం రెసిస్టర్ ఉండాలి. ప్యాడ్ల మధ్య కారిన కొద్దిపాటి సిగ్నలే మాకు అందుతోంది. జీరో ఓం అతికాం. మైనస్ 74!

బీప్‌ని గుడ్డిగా నమ్మొద్దు. ఆ చోట కెపాసిటర్ ఉంటే దారి బాగున్నా బీప్ రాదు. కొన్ని రకాల యాంటెన్నాలు గ్రౌండ్‌కి కలిసే ఉంటాయి, అక్కడ బీప్ వస్తే అది లోపం కాదు. సర్క్యూట్ బొమ్మ పక్కన పెట్టుకునే కొలవాలి.

మిగతా 12 డీబీ కోసం యాంటెన్నానే చూశాం. స్ప్రింగులాంటిది, బోర్డు మీద పడుకోబెట్టి ఉంది, కింద అంతా గ్రౌండ్ రాగి. అంత దగ్గరగా రాగి ఉంటే స్ప్రింగు ట్యూనింగ్ తప్పుతుంది, సిగ్నల్ సరిగా బయటికి పోదు. దాన్ని తీసేసి మామూలు తీగ 8.6 సెంటీమీటర్లు కత్తిరించి నిలువుగా అతికాం. 866 మెగాహెర్ట్జ్ అల పొడవు సుమారు 34.6 సెంటీమీటర్లు, అందులో నాలుగో వంతు. ఇక్కడ తమాషా ఏంటంటే, నిలువు తీగకి కింద రాగి కావాల్సిందే, అదే దానికి రెండో సగం. పడుకున్నదానికి శత్రువైన రాగే నిలబడ్డదానికి తోడు. మైనస్ 66 వచ్చింది. తీగ మార్చేటప్పుడు పవర్ తీసేయండి. యాంటెన్నా లేకుండా పంపిస్తే మాడ్యూల్ పాడయ్యే ప్రమాదం ఉంది.

ఇంకో 4 డీబీ ఉంది. యాంటెన్నాకి వెళ్లే రాగి గీత మరీ సన్నగా ఉంది. 1.6 మిల్లీమీటర్ల రెండు పొరల బోర్డు మీద 50 ఓంలకి మామూలుగా 3 మిల్లీమీటర్ల వెడల్పు కావాలి. అది ఈ బోర్డులో మారదు, వదిలేశాం.

మొన్న సెలవుల్లో ఊరికి పట్టుకెళ్లి ట్యాంకు దగ్గర ప్లాస్టిక్ డబ్బాలో కట్టాం. రేకు డబ్బాలో పెడితే చేసిందంతా దండగ. ఇంటి దగ్గర మైనస్ 97 వస్తోంది. మేం పెట్టిన సెట్టింగులో మైనస్ 123 దాకా అందుకోగలదు కాబట్టి ఇంకా జాగా ఉంది. అమ్మ ఎర్ర లైటు వెలిగితేనే కొండెక్కుతోంది. వానాకాలం ఆకులు దట్టమయ్యాక అంకె ఎంత పడుతుందో చూసి మళ్లీ రాస్తా. ఎవరి బోర్డుకైనా రేంజ్ రాకపోతే యాంటెన్నా వైపు ఫొటో, సర్క్యూట్ బొమ్మ కింద పెట్టండి, కలిసి చూద్దాం.