నాగమ్మ వంతు

ఆట అంటే మా యింట్లో రెండే అర్థాలు. ఒకటి పేకాట, రెండోది చదువు చెడటం. అందుకే హాస్టల్లో నేను ఏం ఆడుతున్నానో మా నాన్నకి ఎన్నడూ చెప్పలేదు. చెప్పినా నమ్మేవాడు కాదు. బల్ల చుట్టూ అయిదుగురం కూచుని, డబ్బు పెట్టకుండా, గెలుపూ ఓటమీ లేకుండా, అర్ధరాత్రి దాకా మాటలు చెప్పుకుంటే దాన్ని ఆటంటారా?

అమెరికాలో అన్నారు. గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు 1974లో దీన్ని అచ్చువేసి అమ్మారు. పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. ఒకడు సూత్రధారి, మిగతావాళ్ళకి తలో పాత్ర. "ఏరు పొంగుతోంది, ఏం చేస్తావ్?" అంటాడు సూత్రధారి. నీ పాత్ర ఏం చేస్తుందో నువ్వు చెప్పాలి. అది నెగ్గుతుందో లేదో అనుమానమైతే ఇరవై ముఖాల పాచిక వేస్తారు. పాచిక తెప్పించుకునే ఓపిక లేక మేం ఒకటి నుంచి ఇరవై దాకా చీటీలు రాసి మెస్సు గ్లాసులో వేసుకున్నాం. ఈ ఆట పిల్లల్ని పాడుచేస్తుందని 1980లలో అక్కడి తల్లిదండ్రులు కొందరు పెద్ద గొడవే చేశారట. అంటే మా నాన్న ఒంటరివాడు కాదు.

డ్రాగన్లు మాకు రెండు వారాల్లో మొహం మొత్తాయి. మా సూత్రధారిది కారంపూడి. "మనకి లేని యుద్ధమా?" అన్నాడు. కార్తీక అమావాస్య నుంచి అయిదు రోజులు వాళ్ళ ఊళ్ళో వీరుల తిరునాళ్ళు. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. పన్నెండో శతాబ్దంలో జరిగిన పోరుని ఏటేటా మళ్ళీ నడుపుతారు. అది ఆట అంటే ఆచారవంతులు ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా, వాళ్ళకది కొలుపు. మా ఈపూరు నుంచి ఒకసారి నన్ను తీసుకెళ్ళారు. దారిలో మాతోపాటు బస్సులో సీటు కోసం తగువులాడిన మనిషే, చేతికి ఆయుధం రాగానే నడకే మారిపోయాడు. అది మాత్రం మర్చిపోలేదు.

సరే, పాత్రలకి చీటీలు వేశాం. అందరికీ బ్రహ్మనాయుడే కావాలి. చాపకూడు పెట్టినవాడు, కన్నమదాసుని కొడుకన్నవాడు, ఎవరికి చేదు? నాకు నాగమ్మ వచ్చింది. గది గదంతా నవ్వింది. 1947 సినిమాలో కన్నాంబ, 1966లో భానుమతి వేసిన పాత్ర అది. పల్నాట్లో పుట్టినవాడు ఆమె పక్షాన నోరెత్తడం నేను వినలేదు.

ఘట్టం రాయబారం. వనవాసం ముగిసింది, మా రాజ్యం మాకిమ్మని మాచర్లవారి తరఫున అలరాజు గురజాల వచ్చాడు. రాజులు చూస్తే సవతి అన్నదమ్ములు. సూత్రధారి ఒకటే షరతు పెట్టాడు: నాగమ్మ తిట్టకూడదు, కారణం చెప్పాలి. నేను నీళ్ళు నమిలాను. చివరికి గొంతు సవరించుకుని, "ఏడేళ్ళు ఈ నేల కనిపెట్టుకుని ఉన్నది మేము. ఎండా వానా చూసింది మేము. ఇవాళ గట్టుమీద నిలబడి సగం నాదంటే..." అని ఆగిపోయాను.

ఆ మాట నాది కాదు. మా బాబాయిది.

నాన్న గుంటూరులో ఉద్యోగం చేసిన ఆరేళ్ళూ రెండు వాటాలూ బాబాయే సాగు చేశాడు. బోరు ఎండితే తన డబ్బుతో ఇంకా లోతు దింపించాడు. నాన్న తిరిగొచ్చి మోటారుకి రోజు విడిచి రోజు వంతు అడిగాడు. గట్టుమీద బాబాయి అన్నమాట అదే. ఆ రోజు నాన్న పక్కన నిలబడి బాబాయిని "నువ్వు" దాటి ఇంకో మాట కూడా అన్నాను. ఇక్కడ రాయను. రెండేళ్ళు రెండిళ్ళ మధ్య మాటల్లేవు.

ఆ రాత్రి అలరాజుని బతకనిచ్చాను. కథ ప్రకారం అతనికి విషం పెట్టాలి. సూత్రధారి గుర్తు చేశాడు కూడా. పెట్టనన్నాను.

ఈ ఆటతో అందరూ మారిపోతారని నేను చెప్పను. మాలో ఒకడు దీని మోజులో ఇంటర్నల్స్ పోగొట్టుకున్నాడు. క్లాసులో పేరు పిలిస్తే వణికే ఇంకొకడు మాత్రం బాలచంద్రుడు వేశాక సెమినార్లో లేచి ప్రశ్న అడిగాడు. అది ఆట మహిమో, వయసు మహిమో.

సంక్రాంతికి వెళ్ళినప్పుడు బాబాయి ఇంటి ముందు రెండుసార్లు తచ్చాడి, మూడోసారి లోపలికెళ్ళాను. నాగమ్మగా నోరు లేచినంత సులువుగా నేను నేనుగా లేవలేదు.

"బాబాయ్, బోరు దింపడానికి మొత్తం ఎంతయింది?"

"ఎవరడగమన్నార్రా?"

"ఎవరూ లేదు. నేనే."

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. పిన్ని అరిసెలు పెట్టింది. తర్వాత బీరువాలోంచి పాత డైరీ తెచ్చి, పైపులూ కేసింగూ కూలీ వడ్డీతో సహా చదివాడు. నేను కాగితం మీద రాసుకున్నాను. గట్టుమీద అన్నమాటకి క్షమించమని అడుగుదామనుకున్నాను గాని, నోట్లో అరిసె ఉండిపోయింది. వచ్చేటప్పుడు గుమ్మం దగ్గర అడిగాను. "చిన్నపిల్లాడివి" అన్నాడు మొహం అటు తిప్పుకుని.

నాన్న ఆ కాగితం చూసి, "నువ్వెవరి కొడుకువిరా?" అన్నాడు. జవాబు చెప్పలేదు. ఆయన మళ్ళీ మొదటినుంచి చదివాడు. కేసింగు దగ్గర ఆగి, "ఇంతయిందా?" అన్నాడు మెల్లగా. చింపుతాడేమో అనుకున్నాను. మడిచి చొక్కా జేబులో పెట్టుకుని పొలం వెళ్ళాడు. ఆవేళ మోటారు వంతు బాబాయిది.