విటమిన్ ఇ: మొహానికా, కంచానికా?

మన క్యాంపుల్లో ఏ ఇంటి ఫ్రిజ్ తీసినా గుడ్ల అర పక్కన ఒక పట్టీ ఆకుపచ్చ క్యాప్సూల్సు కనబడతాయి. విటమిన్ ఇ. అవి మింగడానికి కాదు. సూదితో గుచ్చి, లోపలి నూనె మొహానికి రాసుకోవడానికి. మచ్చ పోవాలన్నా, కళ్ల కింద నలుపు తగ్గాలన్నా, పెళ్లిచూపుల ముందు మొహం మెరవాలన్నా అదే మందు. పెద్దమ్మ అత్తకి చెబుతుంది, అత్త మనకి ఫోన్ చేసి మరీ చెబుతుంది. ఈసారి దాని గురించే రాద్దామనుకున్నాను.

నేను సింధనూరు దగ్గర క్యాంపులో పుట్టి పెరిగినదాన్ని. తుంగభద్ర కాలవ నీళ్లు వచ్చాక తాతయ్యవాళ్లు గోదావరి వైపు నుంచి వచ్చి ఇక్కడ పొలం కొన్నారు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. విటమిన్‌ని కూడా నేను మొదట ‘జీవసత్వ’ అనే చదువుకున్నాను. ఇప్పుడు బెంగళూరులో సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. ఎవరైనా ‘ఇది పనిచేస్తోంది’ అంటే ‘ఎలా తెలిసింది?’ అని అడగడమే నా ఉద్యోగం.

ఇంట్లో ఆ ప్రశ్న అడగాల్సి వచ్చింది మా చెల్లి వల్ల. పిన్ని కూతురు. ఉగాదికి చుట్టుపక్కల ఇళ్లలో హోళిగలు చేసుకుంటే మా ఇంట్లో బూరెలే. రెండేళ్ల కిందట మూకుట్లో బూరె పగిలి, నూనె చింది, దాని మెడ మీద కాలింది. పుండు మానింది గానీ మచ్చ మిగిలింది. అప్పుడే సంబంధాలు చూడడం మొదలైంది. పిన్ని రోజూ రాత్రి క్యాప్సూల్ గుచ్చి రాసేది. మూడో వారానికి మచ్చ చుట్టూ దద్దుర్లు, ఒకటే దురద. ‘లోపలి చెడు బయటికి వస్తోంది, మానకూడదు’ అంది పిన్ని. ఎండాకాలంలో చెల్లి మెడ చుట్టూ చున్నీ కప్పుకుని పెళ్లిచూపులకి కూర్చుంది. తర్వాత రాయచూరులో చర్మం డాక్టరు చూసి, ఇది ఆ నూనె పడకపోవడం వల్ల వచ్చిన అలర్జీ, వెంటనే ఆపండి అన్నారు.

ఆ రాత్రి కూర్చుని చదివాను. 1999లో అమెరికాలోని మయామీలో డాక్టర్లు దీన్ని పరీక్షించారు. ఆపరేషన్ అయిన 15 మందిని తీసుకుని, ఒకే మచ్చని రెండు భాగాలు చేశారు. ఒక సగానికి మామూలు లేపనం, రెండో సగానికి అదే లేపనంలో విటమిన్ ఇ కలిపి రాయించారు. ఏది ఏదో రోగికీ తెలీదు, చూసే డాక్టరుకీ తెలీదు. నూటికి 90 కేసుల్లో విటమిన్ ఇ వల్ల తేడా ఏమీ రాలేదు, లేదా మచ్చ ఇంకా పాడైంది. మూడో వంతు మందికి మా చెల్లికి వచ్చినట్టే చర్మం రేగింది. పదిహేను మందంటే చిన్న పరీక్షే. కానీ పరీక్ష చేసిన పద్ధతి నాకు నచ్చింది. మేమూ అంతే, ఒకసారికి ఒక్కటే మారుస్తాం.

మరి ‘నాకు పనిచేసింది’ అనేవాళ్లు అబద్ధం చెబుతున్నారా? లేదు. మచ్చ దానంతట అదే ఏడాది, ఏడాదిన్నర పాటు మెల్లగా పల్చబడుతూనే ఉంటుంది. ఆ రోజుల్లో ఏం రాసినా పేరు దానికే వస్తుంది. పైగా జిడ్డుగా ఉండే ఏ నూనె రాసినా చర్మంలో తడి ఆరిపోకుండా నిలుస్తుంది, మెత్తగా అనిపిస్తుంది. నాన్నమ్మ తలంటుకి రాసే నువ్వుల నూనె చేసే పనీ అదే.

అలాగని విటమిన్ ఇ ఉత్తదని కాదు. 1922లో ఎలుకల మేత మీద పరిశోధనలో బయటపడింది. అది లేని మేత తిన్న ఎలుకలకి పిల్లలు నిలిచేవి కావు. అందుకే గ్రీకులో ‘కాన్పునిచ్చేది’ అనే అర్థంతో టోకోఫెరాల్ అని పేరు పెట్టారు. మన చర్మంలో కూడా ఉంటుంది, ఎండకి తరిగిపోతుంటుంది. విటమిన్ సి తోడుంటే మళ్లీ పనిలోకి వస్తుంది. ఈ రెండూ కలిపిన పూతలు ఎండ దెబ్బని కొంత ఆపుతాయని పరీక్షల్లో తేలింది. కానీ అవి సన్‌స్క్రీన్‌కి తోడే, బదులు కాదు.

ఒంటికి కావలసిన విటమిన్ ఇ తిండిలోనే దొరుకుతుంది. పెద్దవాళ్లకి రోజుకి సుమారు 15 మిల్లీగ్రాములు చాలు. పెద్ద చెంచాడు పొద్దుతిరుగుడు నూనెలో ఐదున్నర దాకా ఉంటుంది. గుప్పెడు బాదం పప్పులో ఏడుకి దగ్గరగా, గుప్పెడు వేరుశనగల్లో రెండు. కొబ్బరినూనెలో మాత్రం దాదాపు లేనట్టే. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో ఇది లోపించడం చాలా అరుదు. లోపించినా ముందు దెబ్బతినేది నరాలు, చర్మం కాదు. ఇక ఆ ఆకుపచ్చ క్యాప్సూల్లో సాధారణంగా ఉండేది 400 మిల్లీగ్రాములు, అంటే రోజు అవసరానికి పాతిక రెట్ల పైనే. రక్తం పల్చబడే మందులు వాడే మన తాతయ్యలు, నాన్నలు డాక్టరుని అడగకుండా అది రోజూ మింగకూడదు, రక్తస్రావం అయ్యే ప్రమాదం ఉంది.

చెల్లికి డాక్టరు సిలికాన్ జెల్ ఇచ్చారు, మచ్చ మీద ఎండ పడనివ్వొద్దన్నారు. ఇప్పుడు మచ్చ అణిగింది, పూర్తిగా పోలేదు. మొన్న ఇంకో సంబంధం వాళ్లు వస్తామంటే పిన్ని మళ్లీ చున్నీ తీసింది. ‘వద్దమ్మా, అడిగితే బూరెలు వేయిస్తుంటే కాలిందని నేనే చెబుతాను’ అంది చెల్లి. పిన్ని ఏమీ అనలేదు, చున్నీ మడిచి లోపల పెట్టేసింది.

మీ ఇంట్లో ఎవరైనా రాసుకుంటామని పట్టుబడితే, ముందు ముంజేతి లోపలి వైపు చుక్క రాసి వారం రోజులు చూడమనండి. ఎర్రబడితే అక్కడే ఆపేయాలి. మొటిమలున్న మొహానికి ఆ చిక్కటి నూనె అసలే వద్దు. కొత్త గాయం మీదా వద్దు. చిన్నపిల్లలకి అమ్మమ్మలు రాయబోతే, కోపం తెచ్చుకోకుండా ఇది చదివి వినిపించండి.