పాట యెవరిది?

గోపన్‌పల్లిలో మేము పాఠము చెప్పుచుండగా ఒకనాడు వెనుక వరుసలోని బాలుడొకడు బల్లక్రింద నోటుపుస్తకము దాచి యేదో వ్రాసికొనుచుండెను. లాగికొని చూచితిమి. పాట. నడుమ నడుమ కొట్టివేతలు. పంక్తుల నెత్తిన స రి గ లతో గుర్తులు. "ఎందులోనుండి యెత్తి వ్రాసితివి?" అని యడిగితిమి. "నేనే రాసిన సార్" అనెను. మేము నమ్మలేదు. పుస్తకము మా సొరుగున పడవేసితిమి.

ఆ సాయంకాలము మేము వినుచుండినది అమెరికా గాయని కారోల్ కింగ్ 'టాపెస్ట్రీ'. 1960లో భర్త గెర్రీ గాఫిన్ మాటలకు తాను స్వరము కూర్చి, షిరెల్స్ అను బాలికల బృందమున కిచ్చిన పాటను, 1971లో నెమ్మదిగా తన గొంతుతోనే పాడినది. పదేండ్లు ఇతరులకు పాటలు కట్టియిచ్చిన తరువాతగాని లోకము ఆమెను గుర్తింపలేదు. ఆమెను మేము పదిమందిలో ప్రశంసింతుము. మా తరగతిలో పాట కట్టినవానిని మాత్రము దొంగ యనుకొంటిమి!

ఇట్టివారికి మన భాషలో వాగ్గేయకారులను పేరు కలదు. కాని యా మాట వినగానే తంబురా, తులసిమాల, ఆరాధనోత్సవము తలపునకు వచ్చును. నెలజీతము తెచ్చుకొను మనుష్యుడు రాడు. బాలాంత్రపు రజనీకాంతరావుగారు జీతము తెచ్చుకొన్న వాగ్గేయకారులు.

వారు 1920లో నిడదవోలులో జన్మించిరి. తండ్రి వేంకటరావుగారు వేంకట పార్వతీశ్వర కవులలో నొకరు. 1941లో మద్రాసు రేడియో కేంద్రమున ఉద్యోగము దొరకినది. మాట, బాణీ రెండును తమవే. గొంతు మాత్రము పెక్కుసారులు ఇతరులది. 1945 నాటి 'స్వర్గసీమ'లో భానుమతిగారు పాడిన పావురము పాట వారిదే. అయినను రేడియో కొలువున నుండుటచే సినిమాలకు మారుపేర్లు వలసివచ్చినవి. స్వాతంత్ర్యము వచ్చిననాటి 'మాది స్వతంత్ర దేశం' పాటను టంగుటూరి సూర్యకుమారిగారు పాడిరి, కట్టినది వీరు. పాట ఇంటింట మ్రోగినది. కట్టినవారెవరని యడిగినవారెందరు?

అట్టివారే 'ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము' వ్రాసిరి. తమ పేరు దాచుకొనవలసి వచ్చినందుననే, ఇతరుల పేర్లు మరుగుపడకుండ అంత శ్రమపడిరేమో యని మాకు తోచును. దానికి 1961లో సాహిత్య అకాడెమీ బహుమానము వచ్చినది. 98 ఏండ్లు జీవించి 2018లో విజయవాడలో కన్నుమూసిరి.

పిల్ల పాట నేర్చినచో నలుగురియెదుట పాడించి మురిసిపోవుదుము. అదే పిల్ల పాట కట్టెదనన్నచో చదువు చెడునందుము. మా యింటను ఇదే తీరు.

నాలుగు దినముల తరువాత సొరుగు తెరచి, ఆ బాలుని పిలిచి పుస్తకము చేతికిచ్చి పాడుమంటిమి. వాడు పుటలు త్రిప్పి తలవంచుకొనెను.

"రెండో చరణం ఇంకా కాలే సార్. బుక్కు మీ దగ్గరనే ఉండె గద."